పాత కారుకు కొత్త ఇరుసు

అంబాసిడర్ కారు మనకు కొత్త కాదు. గుండ్రటి వీపు. గుండ్రటి దీపాలు. లోపల మంచం లాంటి సీటు. ఒకప్పుడు కలెక్టరు గారు ఆ కారులోనే ఊళ్ళోకి వచ్చేవారు. పెళ్ళికూతురు ఆ కారులోనే అత్తవారింటికి వెళ్ళేది. పురిటి నొప్పులు వచ్చిన మనిషిని రాత్రికి రాత్రి పట్నం ఆసుపత్రికి చేర్చిందీ ఆ కారే.

ఈ కారును హిందుస్థాన్ మోటార్స్ అనే కంపెనీ తయారుచేసింది. ఫ్యాక్టరీ పశ్చిమ బెంగాల్‌లో, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఉండేది. నమూనా మాత్రం ఇంగ్లండుది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారును చూసి దీన్ని చేశారు. 1950ల చివర్లో మొదలైన తయారీ 2014లో ఆగిపోయింది. అంటే ఇవాళ రోడ్డు మీద కనిపించే అంబాసిడర్ ఏదైనా సరే, పదేళ్ళు దాటిన బండే. కొన్నిటికి నలభై యాభై ఏళ్ళు కూడా ఉంటాయి.

ఇలాంటి బండి మీద బతికే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన టాక్సీ నడుపుతాడు. ఒకరోజు షెడ్డు నుంచి కబురు వస్తుంది. "వెనక ఇరుసు పోయింది. కమాన్లు కూడా మార్చాలి."

డబ్బు కావాలి. ఎక్కడి నుంచి వస్తుంది? చాలా ఇళ్ళలో ఇల్లాలి పొదుపు సంఘం అప్పు నుంచే. నెలనెలా ఆ అప్పు కట్టేది ఆమే. కానీ షెడ్డులో ఏం తీశారో, ఏం పెట్టారో ఆమెకు ఎవరూ చెప్పరు. "ఇనప సామాను సంగతి నీకేం తెలుసు?" అంటారు.

తెలుసుకుందాం. ఇది బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఎడ్లబండి చూసినవాళ్ళకు సగం తెలిసినట్టే.

ఇరుసు ఏం చేస్తుంది?

ఎడ్లబండికి ఇరుసు ఉంటుంది. దానికి రెండు చివర్లా రెండు చక్రాలు. చక్రం ఊడిపోకుండా శీల ఉంటుంది. ఇరుసు తిరగదు. చక్రాలు మాత్రమే తిరుగుతాయి. బండిని లాగేవి ఎడ్లు. ఇరుసు పని బరువు మోయడం ఒక్కటే.

అంబాసిడర్ కారులో వెనక ఇరుసుకు ఇంకా పని ఉంది. ఇక్కడ ఎడ్లు లేవు. ఇంజను ముందు ఉంది. తిరగాల్సిన చక్రాలు వెనక ఉన్నాయి. మధ్యలో ఒక పొడవాటి గొట్టం కారు కింద తిరుగుతూ ఉంటుంది. దాన్ని షాఫ్టు అంటారు. ఇంజను బలాన్ని వెనకకు తెచ్చేది ఈ షాఫ్టే.

వెనక ఇరుసు మధ్యలో కుండలాంటి ఉబ్బు కనబడుతుంది. కారు వెనక వంగి చూడండి. ఆ ఉబ్బు లోపల పళ్ళ చక్రాలు ఉంటాయి. చెరకు గానుగలో పళ్ళ చక్రాలు ఒకదాన్ని ఒకటి తిప్పడం చూశారు కదా. ఇదీ అలాంటిదే. చిన్న పళ్ళ చక్రం పేరు పినియను. పెద్ద పళ్ళ చక్రం పేరు క్రౌను. షాఫ్టు పినియన్ను తిప్పుతుంది. పినియను క్రౌన్ను తిప్పుతుంది. క్రౌను చక్రాలను తిప్పుతుంది.

ఆ కుండలోనే ఇంకొక తమాషా ఉంది. కళ్ళంలో బంతి తొక్కించడం గుర్తు తెచ్చుకోండి. ఎడ్లను వరసగా కట్టి గుండ్రంగా తిప్పుతారు. లోపలి ఎద్దు నిదానంగా నడిస్తే చాలు. బయటి ఎద్దు గబగబా నడవాలి. ఎందుకంటే బయటి ఎద్దుకు దారి ఎక్కువ. కారు మలుపు తిరిగినప్పుడూ అంతే. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. లోపలి చక్రం తక్కువ పోవాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఒక చక్రం ఈడ్చుకుపోతుంది. టైరు అరుగుతుంది. కడ్డీ విరుగుతుంది. అందుకే ఇరుసు కడ్డీని రెండు ముక్కలు చేసి, మధ్యలో చిన్న పళ్ళ చక్రాలు పెట్టారు. దీన్ని డిఫరెన్షియల్ అంటారు. పేరు పెద్దది. పని మాత్రం బంతి ఎడ్ల పనే.

ఇక ఇరుసు చివర, చక్రం వెనక, డోలు లాంటి ఇనప డ్రమ్ము ఉంటుంది. బ్రేకు అందులో ఉంది. చేతి బ్రేకు తీగ కూడా అక్కడికే వస్తుంది.

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇరుసు మార్చడమంటే ఇనప కడ్డీ మార్చడం కాదు. ఇరుసుతో పాటు వెనక బ్రేకులు విప్పుతారు. మళ్ళీ బిగిస్తారు. ఇంటాయన ప్రాణం, బండి ఎక్కినవాళ్ళ ప్రాణం ఆ బిగింపులో ఉంది.

కమాను అంటే కావడి బద్ద

కావడి మోసేవాళ్ళను చూశారా? బద్ద ఊగుతూ ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా అది వంగుతుంది, లేస్తుంది. అందుకే భుజానికి దెబ్బ తగలదు. బద్దకు బదులు ఇనప గడ్డపార పెట్టి మోస్తే భుజం పచ్చి పుండవుతుంది.

కారుకు కావడి బద్ద కమాను. వెనక రెండు పక్కలా రెండు కమాను కట్టలు ఉంటాయి. ఒక్కో కట్టలో కొన్ని ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అన్నిటికన్నా పొడుగు పట్టీని పెద్ద పట్టీ అనుకుందాం. దాని రెండు చివర్లా చుట్ట చుట్టి కన్నాలు ఉంటాయి. ఆ కన్నాల్లో రబ్బరు బుష్షులు పెట్టి కారుకు బిగిస్తారు. ముందు చివర కదలకుండా ఉంటుంది. వెనక చివర ఉయ్యాల గొలుసులాగా ఊగుతుంది. ఎందుకు ఊగాలి? బరువు పడితే వంగి ఉన్న పట్టీ సాగి పొడుగవుతుంది. ఆ పొడుగుకు చోటు కావాలి కదా.

కమాను మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచుతుంది. మూడో పని కంటికి కనబడదు. సీసా మూత తిప్పేటప్పుడు రెండో చేత్తో సీసాను పట్టుకుంటాం. లేకపోతే సీసా కూడా తిరుగుతుంది. ఇంజను చక్రాలను తిప్పుతుంటే ఇరుసు గొట్టం కూడా మెలి తిరగాలని చూస్తుంది. దాన్ని పట్టుకునే చెయ్యి కమాను.

ఈ మూడో సంగతి తెలియకనే కొందరు ముచ్చటకు పోయి పాత కార్లకు కమాన్లు తీసేస్తున్నారు. చుట్ట స్ప్రింగులు పెట్టిస్తున్నారు. కొత్త కార్లలాగా మెత్తగా పోవాలని. చుట్ట స్ప్రింగు బరువు మాత్రమే మోస్తుంది. ఇరుసును పట్టి ఉంచదు. అలా పెట్టాలంటే ఇరుసును పట్టుకోవడానికి వేరే ఇనప చేతులు అమర్చాలి. అవి ఎక్కడ పెట్టాలో, ఎంత పొడుగు ఉండాలో లెక్క కట్టినవాడే పెట్టాలి. బతుకుతెరువు బండికి ఇలాంటి సోకు నా మటుకు నాకు నచ్చదు.

కమాను పక్కనే షాకబ్జార్బరు ఉంటుంది. షెడ్డులో షాకు అంటారు. గుంటలో పడి లేచిన కారు ఊగుతూనే ఉండకుండా ఆపేది అదే. ఊగుతున్న ఉయ్యాలను చేత్తో పట్టి నెమ్మది చేస్తాం చూడండి, అలాగన్నమాట. షాకు పోతే కారు ఎగురుతుంది. చక్రం నేలను వదిలి లేస్తుంది. నేలను వదిలిన చక్రానికి బ్రేకు వేసినా ఏం లాభం?

పోయిందని ఎలా తెలుస్తుంది?

బండి ముందే చెబుతుంది. వినాలి.

వేగం పెరిగే కొద్దీ వెనక నుంచి ఊఁ అని ఏడుపు లాంటి చప్పుడు పెరిగితే క్రౌను, పినియను అరిగాయని అనుమానించాలి. చక్రం దగ్గర గరగరమంటే బేరింగు. బండి కదిలేటప్పుడు టక్కుమని కొడితే షాఫ్టు చివర ఉండే క్రాసు కావచ్చు. యూ బోల్టులు వదులు కావచ్చు. చూడండి, టక్కుమన్నంత మాత్రాన ఇరుసే మార్చనక్కరలేదు. క్రాసు చిన్న సామాను. దాని ఖర్చు వేరు, ఇరుసు ఖర్చు వేరు.

వెనక చక్రం లోపలి వైపు నూనెతో తడిసి ఉంటే సీలు పోయిందని అర్థం. ఇది చిన్న రబ్బరు చుట్టు. కానీ ఆ నూనె బ్రేకు డ్రమ్ములోకి దిగితే బ్రేకు పట్టదు. బండి ఒక పక్కకు లాగుతుంది.

వెనక నుంచి చూస్తే కారు ఒక పక్కకు ఒరిగి ఉందా? ఆ పక్క కమాను కూలింది. లేదా పట్టీ విరిగింది. పెద్ద పట్టీ విరిగితే ఆ పక్క ఇరుసు వెనక్కి జరుగుతుంది. అప్పుడు కారు ఎండ్రకాయలాగా అడ్డంగా నడుస్తుంది. నడిపేవాడికి వెంటనే తెలియదు. వెనక వచ్చే బండివాడికి బాగా కనబడుతుంది. అలాంటి బండిని ఇంకొక కిరాయికి పంపకూడదు. ఒక్క కిరాయికి కూడా.

కమాన్లు ఎందుకు కూలతాయి? వయసు ఒక కారణం. ఎక్కువ బరువు రెండో కారణం. అయిదుగురు ఎక్కే బండిలో తొమ్మిదిమంది ఎక్కితే, డిక్కీలో బియ్యం బస్తాలు వేస్తే, పట్టీలు ఎంతకాలం మోస్తాయి? కొందరు దీనికి విరుగుడుగా ఇంకొక పట్టీ వేయిస్తారు. కారు తోక లేస్తుంది. కానీ ఆ దెబ్బ ఎక్కడికీ పోదు. కారు ఒంటికి తగులుతుంది. అంబాసిడర్‌కు లారీలాగా కింద వేరే చట్రం లేదు. ఒళ్ళూ చట్రమూ ఒకటే రేకు నిర్మాణం. కమాను బిగించే చోట రేకు తుప్పు పట్టి ఉంటే కొత్త కమాను ఆ రేకును చించుకుని పైకి వస్తుంది. కాబట్టి కమాను కొనే ముందు ఆ చోటును సుత్తితో మెల్లగా కొట్టి చూడమనండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు డొల్లగా పలుకుతుంది. కుండను కొట్టి చూసి కొనే మనకు ఆ తేడా చెవికి తెలుస్తుంది.

ఏ ఇరుసు పెట్టాలి?

తయారీ ఆగిన బండి కాబట్టి చాలామంది పాత సామాను అంగళ్ళకు పోతారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విప్పిన బండ్ల ఇరుసులు దొరుకుతాయి. పాత సామాను కొనడం తప్పు కాదు. చూసి కొనాలి.

మొదట నూనె చూడాలి. ఇరుసులో గేరు నూనె ఉంటుంది. దాని బిళ్ళ విప్పి వేలు పెట్టి చూడమనండి. నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి. అది వరదలో మునిగిన బండిది కావచ్చు. వేలికి ఇనప రేణువులు, ముక్కలు తగిలితే పళ్ళు విరిగాయి. ఆ ఇరుసు వద్దు.

తర్వాత పళ్ళ లెక్క. దీన్ని చాలామంది పట్టించుకోరు. పినియనుకు 10 పళ్ళు, క్రౌనుకు 40 పళ్ళు ఉన్నాయనుకోండి. షాఫ్టు 4 చుట్లు తిరిగితే చక్రం 1 చుట్టు తిరుగుతుంది. క్రౌనుకు 50 పళ్ళుంటే షాఫ్టు 5 చుట్లు తిరగాలి. ఇది లెక్క కోసం చెప్పిన సంఖ్య. అసలు బండికి ఎంత ఉందో చూసుకోవాలి. చుట్లు ఎక్కువైతే బండికి లాగుడు ఎక్కువ. కొండ బాగా ఎక్కుతుంది. కానీ ఇంజను ఎక్కువ తిరుగుతుంది, నూనె ఎక్కువ తాగుతుంది. చుట్లు తక్కువైతే పరుగు ఎక్కువ, లాగుడు తక్కువ.

అంగడిలోనే ఈ లెక్క తీయవచ్చు. ఇరుసు రెండు చివర్లనూ ఇద్దరు పట్టుకుని ఒకే వైపుకు సరిగ్గా ఒక చుట్టు తిప్పాలి. షాఫ్టు బిగించే మూతి ఎన్ని చుట్లు తిరిగిందో మూడో మనిషి లెక్కపెట్టాలి. పాత ఇరుసును కూడా అలాగే లెక్కపెట్టాలి. రెండూ ఒకటైతే మంచిది. తేడా ఉంటే స్పీడు చూపించే ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. ఎందుకంటే ఆ ముల్లుకు కబురు గేరు పెట్టె నుంచి పోతుంది. చక్రం నుంచి కాదు.

వేరే రకం బండి ఇరుసు తెచ్చి పెడతామంటారు కొందరు మేస్త్రీలు. చవక అంటారు. కొలతలు సరిపోవాలి. పొడుగైతే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. కమాను కూర్చునే చోటు మారితే కోసి వెల్డింగు పెట్టాలి. ఆ వేడికి ఇరుసు గొట్టం వంగవచ్చు. మూతి కోణం మారితే షాఫ్టు క్రాసు తొందరగా అరిగిపోతుంది. బ్రేకు రబ్బరు గొట్టం పొట్టి కావచ్చు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను. కంపెనీ చేసిన రకానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. పోయిన సామాను తీసి అదే రకం సామాను పెట్టడం రిపేరు. రకమే మార్చడం వేరే సంగతి. అలాంటి మార్పు చేయించే ముందే ఆర్.టి.ఎ. ఆఫీసులో అడగాలి. టాక్సీకి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా. అక్కడ ఆగిపోతే పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే.

షెడ్డులో పని ఎలా జరగాలి?

నేల గట్టిగా, చదునుగా ఉండాలి. ముందు చక్రాలకు రెండు పక్కలా దిమ్మలు పెట్టాలి. చేతి బ్రేకు వేశాం కదా అనుకోకూడదు. అంబాసిడర్‌కు చేతి బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. వెనక చక్రాలు గాలిలో ఉంటే అది ఏం ఆపుతుంది?

జాకీతో బండి లేపుతారు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లేపిన తర్వాత గట్టి ఇనప స్టాండ్ల మీద బండిని దించాలి. ఇటుకలు పనికిరావు. ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. షెడ్డుల్లో ఈ పనికి చిన్న పిల్లలను పంపుతారు. సందులో బాగా పడతారని. 14 ఏళ్ళు నిండని పిల్లవాణ్ణి పనికి పెట్టడం చట్టరీత్యా నేరం. 2016లో చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. మన బండి కింద అలాంటి బిడ్డ కనిపిస్తే పని ఆపమనే హక్కు మనకుంది.

చక్రాలు విప్పుతారు. షాఫ్టు విప్పే ముందు మూతికీ షాఫ్టుకూ రంగుతో గుర్తు పెట్టుకుంటే మళ్ళీ అలాగే బిగించవచ్చు. బ్రేకు గొట్టం విప్పి దాని మూతి మూయాలి. దుమ్ము పోకూడదు. చేతి బ్రేకు తీగ, షాకులు విప్పాలి. ఇరుసు కింద జాకీ ఆసరా పెట్టి అప్పుడు యూ బోల్టులు విప్పాలి. ఇవి ఒక్కో పక్క రెండేసి ఉంటాయి. ఇరుసునూ కమానునూ కలిపి కట్టేవి ఇవే.

కమాను చివరి బోల్టులు తుప్పు పట్టి కదలవు. పానాకు రావు. అప్పుడు మేస్త్రి గ్యాసు మంట తెస్తాడు. ఆగమనండి. అంబాసిడర్ పెట్రోలు ట్యాంకు వెనకే ఉంది. మంట పెట్టాలంటే ముందు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. తుప్పు వదిలే నూనె పోసి ఒక రాత్రి ఆగితే చాలాసార్లు మంటతో పనే ఉండదు.

పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ అనే రాతి నార ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. కాన్సరు కూడా తెస్తుంది. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి ఊదకూడదు. తడి గుడ్డతో తుడవాలి. ఇది షెడ్డు సంగతే కాదు, మన సంగతి కూడా. పనివాళ్ళ బట్టలు ఉతికిన ఆడవాళ్ళకు కూడా ఈ దుమ్ము వల్ల జబ్బు చేసిన ఉదాహరణలు లోకంలో ఉన్నాయి. ఆ బట్టలు దులపకండి. ముందు నీళ్ళలో నానబెట్టండి. పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

కమాన్లు మారిస్తే రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే కారు కుంటుతుంది. కమాను కట్ట మధ్యలో ఒక బోల్టు ఉంటుంది. దాని తల ఇరుసు పీటలోని కన్నంలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇరుసు వంకరగా బిగుస్తుంది. యూ బోల్టులు కొత్తవి వేయించడమే మేలు. ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ అంత గట్టిగా పట్టదు.

ఇంకొక కిటుకు. బుష్షుల బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు వేసి, బండిని నేల మీదకు దించి, బరువు పడిన తర్వాత బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది.

తర్వాత ఇరుసులో కొత్త నూనె. కంపెనీ చెప్పిన గేరు నూనే పోయాలి. పక్కనున్న కన్నం దాకా నిండాలి. నూనె పోయడం మరిచి బండి తోలితే క్రౌను పినియన్లు కాలిపోతాయి. కొత్త ఇరుసు మళ్ళీ పాత ఇరుసు అవుతుంది.

చివరికి బ్రేకు. గొట్టం విప్పారు కాబట్టి లోపల గాలి చేరింది. ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర చిన్న బిళ్ళ వదులు చేసి గాలి బుడగలు పోయేదాకా నూనె వదలాలి. బ్రేకు నూనె వేరు, ఇంజను నూనె వేరు. బ్రేకులో ఇంజను నూనె పోస్తే రబ్బర్లు ఉబ్బిపోతాయి. చాలా పాత బండ్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ నూనె దారి ఒక్కటే. వెనక గొట్టం దగ్గర ఒక చుక్క చొప్పున కారినా చివరికి నాలుగు బ్రేకులూ పోతాయి. ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఆ సంగతి తెలిస్తే ఏం చేస్తారు?

బండి తీసుకునే ముందు

ఇంటాయనతో పాటు మీరూ షెడ్డుకు వెళ్ళండి. బిల్లు చదవండి. కమాన్లు ఎన్ని, యూ బోల్టులు ఎన్ని, బుష్షులు ఎన్ని, గేరు నూనె ఎంత, బ్రేకు నూనె ఎంత, కూలి ఎంత. విడివిడిగా రాయించండి. "మొత్తం ఇంత" అని ఒకే అంకె వేసిన బిల్లు బిల్లు కాదు. మాట ఇలా సాగవచ్చు.

"మేస్త్రీ, బ్రేకు నూనె బిల్లులో లేదేంటి?"

"పాత నూనే సరిపోయిందక్కా."

"గొట్టం విప్పితే కారి ఉంటుంది కదన్నా. గాలి తీశారా?"

"తీస్తానక్కా. ఇప్పుడే తీస్తా."

ఈ ఒక్క ప్రశ్న చాలు. పని మిగిలి ఉంటే బయటపడుతుంది.

ఒక పురికొస తీసుకెళ్ళండి. స్టీరింగు తిన్నగా పెట్టించండి. కుడి పక్క ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి తాడు పట్టి ముడి వేయండి. అదే తాడుతో ఎడమ పక్క కొలవండి. ముడి ఒకే చోటికి రావాలి. బాగా తేడా వస్తే ఇరుసు వంకరగా కూర్చుంది. మళ్ళీ విప్పమనండి.

బ్రేకు పెడలు తొక్కి చూడమనండి. గట్టిగా ఉండాలి. మెత్తగా దిగిపోతుంటే గాలి ఉంది. అయిదు నిమిషాలు తొక్కి పట్టి ఉంచి, లేచి చక్రాల వెనక తడి ఉందేమో చూడాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద నిదానంగా కొంత దూరం తోలాలి. మనుషులను ఎక్కించకుండా. తిరిగి వచ్చాక చక్రాల దగ్గర చెయ్యి దూరంగా పెట్టి సెగ చూడండి. ముట్టుకోకండి. ఒక చక్రం దగ్గర సెగ బాగా ఎక్కువగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగు బిగుసుకుంది.

కొద్ది రోజులు తోలిన తర్వాత యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. కొత్త కమాను పట్టీలు సర్దుకుంటాయి. బోల్టులు వదులవుతాయి. కొత్త నులక మంచాన్ని కొన్నాళ్ళకు మళ్ళీ బిగిస్తాం కదా. దీనికి మేస్త్రి మళ్ళీ కూలి అడగకూడదు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. ఏ రోజు తీసుకురావాలో బిల్లు వెనక తేదీ రాయించండి. ఆ తేదీని ఇంటి క్యాలెండరులో మీరే గుర్తు పెట్టండి.

తీసిన పాత సామాను మనది. షెడ్డులో వదిలి రాకండి. విరిగిన పట్టీ చూపించమని అడగండి. నిజంగా విరిగిందో లేదో తెలుస్తుంది. ఇనుము కిలో లెక్కన అమ్ముడుపోతుంది. ఆ డబ్బు ఒక వాయిదాకు కాస్త కలిసివస్తుంది. ఇరుసు నుంచి తీసిన పాత నూనెను మాత్రం కాలవలో పోయనివ్వకండి. డబ్బాలో పట్టించి, వాడిన నూనె కొనేవాళ్ళకు ఇప్పించండి.